శివారుకు చేరని నీళ్ళు

ఇవాళ అవనిగడ్డ బస్సులో వెళ్తుంటే, కాలువకు వదిలిన కొత్తనీటి వాసన వచ్చింది. మన సోషల్ మాస్టారు గుర్తొచ్చారు.

జ్ఞాపకముందా? బడి వెనక ఇసుకలో కర్రతో కాలువ గీసి, దాని వెంట మన ఊళ్ళున్న వరసలోనే మనల్ని కూర్చోబెట్టారు. తర్వాత ఎగువ పిల్లల్ని కాలువ చివరనున్న శివారుకు, శివారు పిల్లల్ని ఎగువకు మార్చారు. "ఏ చోట కూర్చుంటే ఆ రైతు మాట మాట్లాడాలి" అని బిందెతో నీళ్ళు పోశారు.

శివారు ఊరి కరుణ ఎగువన కూర్చుని రెండు చేతులతో అడ్డుకట్ట వేసింది.

"కొంచెమన్నా వదలవే" అన్నాను శివారున కూర్చున్న నేను.

"మా చేలు తడిశాక చూద్దాంలే. మీ నాన్నగారనే మాటేగా."

అందరూ నవ్వారు. నా ముందు ఇసుక తడవలేదు.

సాయంత్రం అడిగాను. "శివారుకు నీళ్ళు వదలొచ్చుగా నాన్నగారూ? కరుణ వాళ్ళ చేను ఎండిపోతోంది."

"నిన్ను బడికి పంపింది ఇందుకా?"

మర్నాడు ఆయన బడికొచ్చి మాస్టారితో మాట్లాడారు. ఆ పాఠం మళ్ళీ జరగలేదు. ఆ ఏడు పంట పోయి, కరుణ వాళ్ళు కూలి పనికి బందరు వెళ్ళిపోయారు. ఆమె చదువు అక్కడితో ఆగింది.

కరుణ ఎక్కడుందో తెలిస్తే ఈ గ్రూపులో రాయండి, ఊరికే దండం బొమ్మలు పెట్టకండి.

బస్సు కరుణ వాళ్ళ ఊరు చేరేసరికి వాసన పోయింది. కాలువ అక్కడ ఇంకా పొడిగానే ఉంది.