సెవెల్మా నింపిన ఫారం

పొద్దున ఎనిమిదింటికే సెవెల్మా కిటికీ ముందు వరస కట్టేవారు. ఉలాన్‌బాతర్‌లో వీసా కాగితాలు నింపిపెట్టే గదులు చాలానే ఉన్నా, ఆమె నింపిన ఫారం వెనక్కి రాదని పేరు. పక్క గదిలో నేను పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాణ్ని. మా మధ్య ఉన్నది పలుచని చెక్క గోడ. ప్రతి మాటా వినబడేది; నా గుమ్మంలో నిలబడితే ఆమె కిటికీ కనబడేది.

"చైనాకి వీసా అక్కర్లేదు పెద్దాయనా, పాస్‌పోర్టు పట్టుకుని రైలెక్కెయ్. కొరియాకైతే ముందే తీసుకోవాలి. విమానం దిగాక చూసుకుందాంలే అనుకున్నావో, గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు."

రోజుకు ఇరవైసార్లు ఈ మాట చెప్పేది, విసుక్కోకుండా. తిప్పి పంపడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

పదమూడేళ్ల కిందట ఆమె భర్త చుల్తెమ్ వెల్డింగ్ పని చేసుకుందామని కొరియా బయల్దేరాడు. గొంబొజావ్ అనే ఏజెంటు వీసా ఇప్పించాడు. దానికోసం చుల్తెమ్ తండ్రి గొర్రెల మందంతా అమ్మేశాడు. తీరా అక్కడ దిగాక, విమానాశ్రయంలో అధికారి ఆ వీసాను దీపం కింద పెట్టి చూస్తే అది దొంగది. రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి వెనక్కి పంపేశారు. ఇక్కడ పోలీసులు పిలిచి అడిగితే గొంబొజావ్, "ఈ మనిషెవరో నాకు తెలీదు. వాడే అంటించుకుని ఉంటాడు" అన్నాడు. కేసు చుల్తెమ్ మెడకే చుట్టుకుంది. వీడ్కోలు విందు తిన్న ఇరుగుపొరుగుకు ముఖం చూపించలేక అతను గోబీకి పోయి, బంగారం కోసం గుంతలు తవ్వేవాళ్లలో కలిశాడు. వసంతంలో మంచు కరిగి మట్టి వదులైనప్పుడు గుంత కూలింది. అతను మరి పైకి రాలేదు.

సెవెల్మాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. మా భవనంలో నేల తుడిచే పనికి చేరింది. అనువాదాలు చేసే గది తుడుస్తూ తుడుస్తూనే కొరియన్ అక్షరాలు పట్టేసింది. ఆరో ఏడు తిరిగేసరికి కిటికీ వెనక కుర్చీలో ఉంది. భర్త పాస్‌పోర్టు ఆమె సొరుగులోనే ఉండేది.

"ఆ ఏజెంటు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడికో పోవాలిగా. అప్పుడు ఈ వరసలోనే నిలబడతాడు" అని నాతో ఒకసారి అంది.

నిలబడ్డాడు. నక్కతోలు టోపీ, చేతిలో పచ్చరాతి నస్యం బుడ్డి. పలకరింపుగా దాన్ని కిటికీలోంచి చాపాడు. ఆమె అందుకుని, వాసన చూసి, మర్యాదగా తిరిగిచ్చింది.

"మా అమ్మాయి పెళ్లి చెల్లీ. కుర్రాడిది కొరియాలో బుసాన్. వచ్చే నెలలోనే. నువ్వు రాస్తే తిరుగుండదట కదా!"

"పేరు చెప్పండన్నా."

"పాస్‌పోర్టులో దోర్జ్‌పలామ్ అనుంది. అంతకుముందు గొంబొజావ్."

గోడవతల సొరుగు తెరిచి మూసిన చప్పుడైంది. మళ్లీ ఆమె గొంతు ఎప్పటిలాగే నింపాదిగా వినిపించింది.

"గతంలో మిమ్మల్ని ఏ దేశం నుంచైనా వెనక్కి పంపారా? వేరే పేరుతో ఎప్పుడైనా ప్రయాణం చేశారా?"

అతను గొంతు తగ్గించాడు. "కొరియావాళ్లే ఒకసారి పంపేశారు. అందుకేగా పేరు మార్చుకుంది! రెండింటికీ లేదని రాసెయ్."

ఇలాంటి సంగతే ఒక లారీ డ్రైవరు చెప్తే, ఆ పొద్దునే ఆమె గట్టిగా కేకలేసింది. "దాచకు తమ్ముడూ! పేరు మార్చుకుంటావు, వేలిముద్ర మార్చుకుంటావా? అవి వాళ్ల దగ్గర ఉన్నాయి. జరిగింది రాసి, క్షమించమని ఉత్తరం జత చేద్దాం. ఒక్కోసారి ఇస్తారు. దాస్తే మాత్రం ఏళ్ల తరబడి గుమ్మం తొక్కనివ్వరు."

ఆ మాటల కోసం నేను చెవి ఒగ్గి కూర్చున్నాను. అవి రాలేదు.

"లేదని రాయమంటారా?"

"రాయి."

"ఇంకోసారి చదవనా అన్నా?"

"ఎన్నిసార్లు చదువుతావమ్మా! రాయమన్నానుగా."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి. పెళ్లికి పట్టు అంగీ కుట్టించుకోండి, బాగుంటుంది."

గోడ తట్టి ఆ మనిషికి నేనైనా చెప్పి ఉండొచ్చు. తట్టలేదు.

రెండు వారాలకు అతను వరసను తోసుకుంటూ వచ్చి ఒక కాగితం కిటికీకేసి కొట్టాడు. వీసా ఇవ్వలేదు. అబద్ధం రాసినందుకు, చాలా ఏళ్లపాటు మళ్లీ అడగడానికి కూడా వీల్లేదట.

"నీకు తెలిసే ఉంటుంది! చెప్పాలా వద్దా?"

"మీరు రాయమన్నదే రాశాను. సంతకం మీదే."

"ఎందుకు చేశావిలా? నీకు నేనేం చేశాను?"

సెవెల్మా సొరుగు తెరిచి చుల్తెమ్ పాస్‌పోర్టు అతని ముందు పెట్టింది. దొంగ వీసా ఉన్న పేజీ తిప్పింది. అతను కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఎవరితను?"

నటన కాదు. నిజంగానే గుర్తులేదు. అప్పటిదాకా మెల్లగా మాట్లాడిన సెవెల్మా ఒక్కసారిగా లేచి నిలబడింది.

"తెలీదా? ఆ రోజు పోలీసుల ముందూ ఇదే మాట అన్నావు. పో! పెళ్లిరోజున నీ కూతురు నాన్నేడని అడిగితే, ఆ పిల్లకీ తెలీదనే చెప్పుకో!"

అతను టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

నాకు మనసు ఆగలేదు. మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు అడిగేశాను. "ఆ పిల్ల ఏం చేసింది సెవెల్మా?"

"నా పిల్ల ఏం చేసిందన్నా? దానికప్పుడు నాలుగేళ్లు."

బుసాన్‌లో పెళ్లి జరిగే రోజు ఆమెకు గుర్తుంది, ఫారంలో రాసింది తనే కదా. ఆ రోజు కిటికీ మూసి, మాంసం కూరి నూనెలో వేయించిన వేడివేడి ఖూషూర్లు బుట్టెడు తెప్పించి, మా అంతస్తులో అందరికీ పంచింది. దేనికని వాళ్లడిగితే, "ఒక పెళ్లి ఉంది" అంది. ఆపైన నా గదిలో స్టూలు మీద కూర్చుని, మాంసం రసం మణికట్టు మీదకి కారుతున్నా తుడుచుకోకుండా ఆరు తినేసింది. ఆమె అంత ఆకలిగా తినడం నేనెన్నడూ చూడలేదు.