రెప్ప లాగి చూసిన వేలు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. గొర్ల మంద పక్కన చీకట్లో ఒంటరిగా పడుకుని పెరిగినవాణ్ణి. ఇది దయ్యం సంగతని ఇప్పుడూ అనను. జరిగింది జరిగినట్టు, నా తప్పుతో సహా రాస్తున్నాను.

మాది నేరేడుచర్ల దగ్గరి పల్లె. నాయిన చనిపోయిన రెండేళ్ళకు, 2011 వేసవిలో, నేనూ ఇంటర్ చదివే తమ్ముడు శీనూ దొడ్లో గొర్లకు నట్టల మందు పోస్తున్నాం. మందు పోసేముందు కింది రెప్పను బొటనవేలితో లాగి చూడటం నాయిన నేర్పిన పద్ధతి. లోపల ఎరుపు తగ్గి తెల్లబడితే కడుపులో నట్టల పురుగులున్నట్టు.

అలా చూడబోతే ఒక పొట్టేలు నన్ను దొడ్డి చివరిదాకా ఈడ్చుకుపోయింది.

"పొట్టేలును నువ్వు పట్టినవా అన్నా, అదే నిన్ను పట్టిందా?" అని శీను పడీపడీ నవ్వాడు.

మోచేత్తో వెనక్కి విసిరి కొట్టాను. కావాలనే కొట్టాను. వాడి కంటి కింద తగిలింది. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

"అమ్మకు చెప్పకురా," అన్నాను.

"నేనెందుకు చెప్త తియ్," అన్నాడు.

కన్ను ఎర్రబడలేదు, వాయలేదు. సాయంత్రానికి మాత్రం వాంతులు పట్టుకున్నాయి. వడదెబ్బ అనుకుంది అమ్మ. పొద్దున్నే ఆమెను మంద దగ్గర ఉంచి, వాణ్ణి సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ అడిగితే నేనూ వడదెబ్బే అన్నాను. సెలైన్ పెట్టారు.

ఆ ఇరుకు గదిలో మంచం పక్కన కూర్చుంటే ఊపిరాడలేదు. ఎన్నోసార్లు చెబుదామని లేచాను. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. శీను మగతగా పడుకుని ఉన్నాడు. నాకిచ్చిన మాట కోసం వాడూ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం మందులు తేవడానికి కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"దెబ్బ తాకిందని ఎందుకు దాచినవ్? మీ నాయిన చెప్పకపోతే పిల్లగాని కన్ను ఏం కావాలె?"

ఎండాకాలంలో భుజాన గొంగడి వేసుకున్న పెద్దాయన ఒకరు శీను కింది రెప్ప లాగి చూశాడట. "వడదెబ్బ గాదమ్మా. పెద్దోని మోచెయ్యి తాకింది. లోపల ఏదో ఇరికింది," అని చెప్పి వెళ్ళాడట. ఆమె శీనును పైకి చూడమంటే ఒక కన్ను లేచింది, రెండోది కదల్లేదు.

నాయిన లేడని చెప్పలేదు. కొట్టింది నేనేనని మాత్రం ఒప్పుకున్నాను.

స్కానింగ్‌లో తెలిసింది. కంటి గూడు అడుగు ఎముక చిట్లి, కన్ను తిప్పే కండరం ఆ చీలికలో ఇరుక్కుంది. ఆలస్యమైతే అది చచ్చుబడుతుందని అప్పటికప్పుడే హైదరాబాద్ పంపారు. అక్కడ కండరాన్ని విడిపించి చీలిక మీద పలుచని రేకు పరిచారు. ఎముక అతికేదాకా ఆసరాగా ఉండి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే రకమట. తీయడానికి మళ్ళీ కోత అక్కర్లేదు.

కన్ను బాగైంది. తర్వాత సూర్యాపేట వెళ్ళి వాచ్‌మన్‌నూ నర్సులనూ అడిగాను. గొంగడి మనిషిని ఎవరూ చూడలేదు. వేరే రోగి తాలూకు పెద్దమనిషి అనుకుందామన్నా, మోచెయ్యి సంగతి అతనికెలా తెలుసు?

శీనుకు ఆ వేలు గుర్తుంది. "అన్న రెప్ప లాగి సూసి డాక్టరమ్మకు నిజం చెప్పిండు. లేకుంటే నా కన్ను ఖతమే," అని ఇప్పటికీ పదిమందిలో గొప్పగా చెబుతాడు. ఆ రేకు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. నేను మాత్రం ఆ పొగడ్తలో ఇరుక్కుని, కాదనలేక, ఇన్నాళ్ళూ కూర్చున్నాను.

శీనూ, ఆ వేలు నాది కాదు. ఎవరిదో నాకు తెలియదు.