ఎలపటికి ఒరుగుండ్రి!

ఆ రోజుల్లో మా ఊళ్లో మోటారెక్కడమంటే ఊరికే కూర్చోవడం కాదు, ఒళ్లు వంచి పని చెయ్యడం. మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత పికప్పు ఒకటి మా బాపు కొని, తిరుమలగిరి అంగడికి కిరాయికి తిప్పేవాడు. నడిపేది నేను. ఇంజను బంగారం. రోగమల్లా ఒక్కటే: మలుపు తిరిగితే చాలు, కల్లు తాగినవాడిలా పక్కకు వాలిపోయేది. అందుకని వెనక కూర్చున్నవాళ్లంతా అది వాలే పక్కకు ఎదురుగా ఒరగాలని ఊరు ఊరే కట్టుబాటు పెట్టుకుంది. ఆజ్ఞ ఇచ్చేది మా అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం). బతుకంతా నాగలి వెంట తిరిగిన మనిషికి కుడి ఎడమలేం పడతాయి? ఎడ్లకు చెప్పినట్టే, కుడికైతే "ఎలపటికి!", ఎడమకైతే "దాపటికి!" అని కేక పెట్టేది. ఒరగకుండా బిగదీసుకుని కూర్చున్న పెండ్లికొడుకు నెత్తి మీద కూడా ఠపీమని మొట్టింది (పాపం, బాసికం జారింది).

ఇక నవ్వులాట కాని సంగతి. మా అక్క తొలిచూలు బిడ్డ దవాఖానకు పోతుండగానే ఎడ్లబండిలోనే ప్రాణం విడిచింది. ఆ తర్వాత అక్క నవ్వగా ఎవరూ చూడలేదు. మళ్లీ నెలలు నిండి పుట్టింటికి వచ్చినప్పుడు మంత్రసాని కడుపు పట్టి చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది. నల్లగొండ పెద్ద దవాఖానకే తోల్కపోవాలె. జర ఊగకుంట తోలు, కొడుకా" అంది. ఊగకుండా! నా బండినా?

తిరుమలగిరిలో మిస్త్రీ చిచ్చా కాళ్ల మీద పడ్డంత పని చేశాను. ఆయనకు పనికన్నా మాట పెద్దది. "ఫికర్ జెయ్యకు బేటా! ఇరుసు ఎంబడి అడ్డంగ కడ్డీ ఒకటి ఎయ్యాలె. బండి ఒకదిక్కు వాలవోతే అది మెలివడి గుంజి పట్టుకుంటది. గిదేసినంక నీది మోటరు గాదు, నవాబు పల్లకి!" నందికొండ ఆనకట్ట పనిలో పాడైన లారీ కడ్డీని తెచ్చి, కొలిమిలో కాల్చి వంచాడు. ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోయింది. బిగించగానే నిలబడ్డ బండి నిలబడ్డట్టే పక్కకు వాలింది.

"చిచ్చా, ఇప్పుడు మలుపు లేకున్నా వాలుతాంది గదనే!"

"సబర్, సబర్! జర ఓపిక వట్టు" అంటూ మళ్లీ కాల్చాడు. చివరికి రెండు కొసలూ సమానమయ్యాయి. అవ్వ ఆ కడ్డీకి పసుపు రాసి, నిమ్మకాయ కట్టి దండం పెట్టింది. నేను ఆమెకన్నా గట్టిగా పెట్టాను.

తోలి చూసే తీరిక దొరకలేదు. తెల్లారేసరికి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెను ముందు సీట్లో బొంతల మీద కూర్చోబెట్టాము. వెనక అవ్వ, బావ, వాడకట్టు ఆడవాళ్లందరూ ఎక్కారు (తోడు రావద్దంటే మా ఊళ్లో పగలు పుడతాయి). గుట్ట మలుపు వచ్చింది. గుండె చిక్కబట్టుకుని కుడికి తిప్పాను. వెనకనుంచి అవ్వ కేక: "ఎలపటికి ఒరుగుండ్రి!"

అక్క కోసం అందరూ ప్రాణం పెట్టి ఒరిగారు. బండి మాత్రం వాలలేదు. మూటలు దొర్లినట్టు అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. అన్నిటికంటే అడుగునుంచి అవ్వ గొంతు వినపడింది: "బండికేం పుట్టిందిరా, ఒరుగుతలేదు!"

అక్క వెనక్కి తిరిగి చూసింది. "తమ్మీ, అవ్వ బోర్ల పడ్డదిరో!" అంటూ నొప్పుల మధ్యనే నవ్వింది. అంత నవ్వు విని ఎన్నాళ్లయిందో! నాకు కండ్లల్లో నీళ్లు తిరిగి దారి కనపడలేదు.

దవాఖానలో డాక్టరమ్మ కోసి బిడ్డను తీసింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఇప్పుడు ఆ బిడ్డే, నా మేనకోడలు, నన్ను తన కారులో తిప్పుతుంది. కుదుపు తెలియని కారు. అయినా కుడి మలుపు రాగానే నేను ఆమె మీదికి ఒరిగిపోతాను. "గట్ల ఒరుగుతవేందే మామా?" అని నవ్వుతుంది. అచ్చం అక్క నవ్వే. ఏం చెప్పను? అవ్వ పోయి ఎన్నేళ్లయినా, ఒరగకపోతే నెత్తి మీద మొట్టికాయ పడుతుందేమోనని నాకింకా భయమే.