ఏడో రుచి

ఈ ఉగాదికి ఊళ్లో కొత్తగా పెట్టిన సూపర్‌మార్కెట్ నుంచి మా ఆయన చింతపండు ప్యాకెట్టు తెచ్చారు. పీచు లేదు, పిక్క లేదు, పెంకు లేదు. సబ్బుబిళ్లలా కోసి, లోపలి గాలంతా తీసేసి, పైన మెరిసే కవరు తొడిగారు. కత్తెరతో మూల కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. "ఎంత శుభ్రంగా ఉందో చూశావా?" అని ఆయన సంబరం. శుభ్రమే, కాదని ఎవరన్నారు? కానీ వాసన లేని చింతపండుని చూసి మురిసిపోయే మనిషితో ఇన్నేళ్లు ఎలా కాపురం చేశానా అని ఆ పూటంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో ఎండాకాలం వచ్చిందో లేదో క్యాలెండర్ చూసి తెలుసుకోవలసిన అవసరం ఉండేది కాదు. మా అద్దె ఇల్లు బస్సు కాంప్లెక్స్‌కి వెళ్లే దారిలో ఉండేది. కొయ్యూరు వైపు నుంచి కొండ దిగివచ్చే బస్సుల టాపుల మీద కొత్త చింతపండు బుట్టలు వరసగా ఉండేవి. వాటిని దింపుతుంటే వీధి వీధంతా పులుపు పట్టేసి, బడికెళ్లే పిల్లల నోళ్లలో ఊరికే నీళ్లూరేవి. పెరట్లో వేపపువ్వు రాలి కళ్లాపి నీళ్లలో తేలేది. మేము అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలతో పందేలు వేసుకుని, గెలిచిన పిక్కల్ని అమ్మచేత వేయించుకుని, నానబెట్టి, దవడలు లాగేసేదాకా నమిలేవాళ్లం. ఆ అరుగు మాదే అయినా సగం మాత్రం నూకాలుది.

నూకాలు నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు ఊరి మనిషి. వారం వారం ఎండుచేపల గంపలతో మా ఊరొచ్చి, ఇక్కడ బస్సు మారి, కొయ్యూరు వైపు సంతలకి వెళ్లి అమ్ముకుని, ఖాళీ గంపలతో తిరిగొచ్చేది. బస్సుకి ఆలస్యమైతే మా అరుగు మీద నడుం వాల్చేది. మా ఇంట్లో చేప వండరు. అయినా నాకు ఊహ తెలియకముందు నుంచీ ఆ గంపలు మా గుమ్మం పక్కనే ఉండడంతో ఎండునెత్తళ్ల వాసన మాకు పేడ వాసనలాగా, పొయ్యి పొగలాగా ఇంటి వాసనల్లో ఒకటైపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాన్న ఒక ఫైనాన్స్ కంపెనీలో గుమస్తా. మా ఊళ్లో మేష్టార్లు, ఆఫీసు ఉద్యోగులు, చిన్న కొట్ల వాళ్లు ఇల్లు కట్టుకోవడానికని దాచుకున్నదంతా అందులోనే పెట్టారు. నాన్న మాట మీద పెట్టినవాళ్లూ ఉన్నారు. నాన్న కూడా పెట్టారు. ఒకనాటి పొద్దున్న ఆ షట్టరు పైకి లేవలేదు, యజమాని అయిపూ అజా లేదు. అంతే, ఊరి చేతులు ముడుచుకుపోయాయి. బట్టల కొట్టువాడు గుమ్మంలో కూర్చుని విసురుకోవడం, సగం లేచిన ఇళ్ల గోడల మీద గడ్డి మొలవడం, పెళ్లిళ్లు వచ్చే ఏటికి వాయిదా పడడం నేను ఆ ఏడే చూశాను. నాన్న గడప దాటడం మానేశారు. గడ్డం పెరిగింది. వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెనక్కి వెళ్లిపోయి నూతి దగ్గర నిలబడేవారు.

ఎస్. రాయవరం నుంచి మా మామయ్య వచ్చి, "మా ఇంట్లో వెనక గది ఖాళీ చేయిస్తన్నాను. పండగెళ్లగానే ఒచ్చేయండి. బావగారు పొలం పని చూసుకుంటారు, నువ్వు మీ వదినకి సాయంగా ఉంటావు" అన్నాడు. మంచివాడే. ఆ సాయం అంటే ఏమిటో మాత్రం అమ్మకి తెలుసు: వదిన లేవకముందు లేవడం, వదిన తిన్నాక తినడం, పిల్లలం నోరెత్తకుండా పెరగడం. "పండగెళ్లనీ" అంది, అంతే.

ఆ మధ్యాహ్నమే సంత నుంచి తిరిగొచ్చిన నూకాలు గంపలు దింపి మంచినీళ్లడిగింది. అమ్మ చెంబు అందిస్తూ ఆ గంపల వంక అదే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఏమే నూకాలూ, కొండ మీంచి ఏటి మోసుకొస్తన్నావు?"

"ఏటుందమ్మగోరూ, గాలి. బస్సోడు దానికీ టిక్కెట్టు కొడతన్నాడు."

"టిక్కెట్టు ఎలాగూ కొడతన్నాడు కదా, చింతపండు వేసుకురా. పెట్టుబడి నాది, మోత నీది, లాభం చెరిసగం. నా గంగాళం అమ్మేస్తాను."

"అయ్యో, పెల్లినాటి గంగాలం! రేపు అల్లుడొత్తే నీల్లు దేన్లో కాత్తారు?"

"ఆ పిల్లకి ఇంకా పాలపళ్లే ఊడలేదు. అల్లుడొచ్చేలోగా ఇంకోటి కొంటాలే."

ఆ పిల్లని నేనే. గంగాళం వెళ్లిపోయింది, గంపల నిండా చింతపండు వచ్చింది. అరుగు మీద కూర్చుని పెంకు తీసి, ఈనెలు లాగి, పిక్క కొట్టి, ఉప్పు జల్లి ఉండలు కట్టాం. వేళ్ల చివర్లు మండేవి, గోళ్లు నల్లబడేవి, నాలుక పూసి అన్నం తినలేకపోయేదాన్ని. అయినా అంత బాగున్న ఎండాకాలం నాకు మరొకటి లేదు. ఉగాదికి కొత్త చింతపండే కావాలి కదా, బజారు ధర కన్నా తక్కువ కదా అని మా వీధి ఆడవాళ్లు, మొహం ముడుచుకుంటూనే అయినా, తీసుకెళ్లారు.

ఉగాది నాడు పొద్దున్నే ఎదురింటి హెడ్మాస్టరుగారి భార్య కామాక్షమ్మగారు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఉగాది పచ్చడికి ఆరు రుచులని మా అత్తగారు నేర్పించారమ్మా. ఈ ఏడోదేమిటో నువ్వు చెప్పు."

అమ్మ వాసన చూసి, "ఏముందండీ? చింతపండు వాసనే కదా" అంది అమాయకంగా.

"ఎండునెత్తళ్ల వాసన! మేష్టారు పండగపూట దేవుడి ముందు పుక్కిలించి ఊశారు. మొగుడు డబ్బు ముంచాడు, పెళ్లాం పండగ ముంచింది!"

మధ్యాహ్నానికల్లా ఇంటింటి నుంచీ ఉండలు వెనక్కి వచ్చేశాయి. మా ముక్కులకి ఆ వాసన వాసనలా అనిపించడం మానేసి ఏళ్లయిందన్న సంగతి అప్పుడు గానీ మాకు తట్టలేదు. చేపల గంపలో చింతపండు తేకూడదని వీధిలో ఏ చంటిపిల్లనడిగినా చెబుతుంది. చెప్పలేని ఇల్లు మాదొక్కటే, చెప్పలేని మనిషి నూకాలొక్కతే. వ్యాపారానికి జత కుదిరింది ఆ ఇద్దరికీ! ఈ రోజుల్లో కష్టకాలంలోనే అవకాశం వెతుక్కోవాలని కోటు తొడుక్కుని మైకులో చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అవకాశం మొదట ఎలాంటి కంపు కొడుతుందో వాళ్లలో ఒక్కరూ చెప్పరు.

మర్నాడు మామయ్య వచ్చేశాడు. "గదికి సున్నం కూడా వేయించాను. సామాను సర్దు" అన్నాడు. అమ్మ తల వంచుకుని, వెనక్కొచ్చిన ఉండల్ని ఏరి పోగేస్తోంది. అప్పుడే సంత నుంచి తిరిగొచ్చి అరుగు మీద ఖాళీ గంపలు దింపుతున్న నూకాలు, విషయం విని, ఒక ఉండ తీసి ఈ వైపూ ఆ వైపూ వాసన చూసింది.

"ఏదమ్మగోరూ? నాకేటీ రాట్లేదే!"

అమ్మ తలెత్తింది. "నీకు రావట్లేదు సరే. మీ ఊళ్లో ఎవరికైనా వస్తుందా?"

"మా ఊల్లోనా? ఎవలికొత్తాదీ!"

అమ్మ లేచి నిలబడి కొంగు బిగించింది. "అన్నయ్యా, రేపటిదాకా ఆగు. ఇది అమ్ముడుపోకపోతే నువ్వు చెప్పిన గదిలోనే ఉంటాం."

తెల్లారాక గంపలు కాంప్లెక్స్‌కి చేర్చాలి. నూకాలు ఒకటి ఎత్తుకుంది. రెండోది అమ్మకి లేవడం లేదు. అంతలో లోపల్నుంచి నాన్న వచ్చి, తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, ఆ గంప కింద తల పెట్టారు. ఊళ్లో సగం మంది డబ్బుకి జవాబు చెప్పుకోవలసిన మనిషి, పట్టపగలు, నడివీధిలో, కారుతున్న చెమటతో వెళుతుంటే టీ కొట్టు దగ్గర ఒకాయన కేకేశాడు: "ఏం గుమస్తాగారూ, ఈసారి ఏ స్కీము?" నాన్న ఆగారు. "చింతపండండి. ఈసారి మీరే చూసుకుని కొనుక్కోవచ్చు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

నూకాలు ఊళ్లో పడవల నీడన గంపలు దింపాం. ఆడవాళ్లు మూగారు. ఒకామె చిటికెడు గిల్లి నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. ఒకసారి దెబ్బతింది కాబట్టి అమ్మ దాచకుండా ముందే చెప్పేసింది: "చేపల గంపలో తెచ్చాం, కొంచెం వాసనుంటుంది."

ఆవిడ కళ్లు తెరిచి, "ఐతే? దీన్తోటి మేం పరవాన్నం వండుతామేటి? సేపల పులుసే కదా! ఇలాగ తూసెయ్యి" అంది. ఒడ్డంతా పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, కంపెనీ మూతపడ్డాక మొదటిసారి. కొట్లో దొరికే నల్లబడ్డ పాత పండుకన్నా ఇది మేలని ఏడాదికి సరిపడా జాడీల్లోకి ఎత్తుకున్నారు. తిరుగు బస్సులో గంపలు ఖాళీ, అమ్మ ఒళ్లో ఊరికే ఇచ్చిన కొబ్బరికాయలు, వాటి మీద తల పెట్టుకుని నేను.

మామయ్య గది సున్నం అలాగే ఉండిపోయింది; తర్వాత అందులో తవుడు బస్తాలు వేశారని విన్నాను. పై ఏటికి అమ్మ అడ్డాకులు పరిచిన కొత్త బుట్టల్లో ఊరి వాళ్లకి వేరుగా, నూకాలు గంపల్లో ఒడ్డు వాళ్లకి వేరుగా తెప్పించింది. కొత్త బుట్ట విప్పగానే ముందొచ్చింది కామాక్షమ్మగారే. అమ్మ ఒక్క దెప్పుడుమాట అనకుండా తూచి ఇచ్చింది. నేనైతే అనకుండా ఉండలేను, అందుకే నాకు వ్యాపారం అబ్బలేదు. నన్ను కాలేజీలో చదివించింది ఆ చింతపండే. గంగాళం కూడా, అల్లుడు రాకముందే, అన్నమాట ప్రకారం కొంది.

ఇప్పుడు అమ్మ లేదు, నాన్న లేరు, నూకాలూ లేదు. మా అరుగు ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. కొండ దిగే బస్సుల టాపులు నున్నగా ఉంటున్నాయి. చింతపండు వ్యానుల్లో ఎక్కడికో పోయి, కవరు తొడుక్కుని మళ్లీ మా ఊరికే వస్తోంది.

ప్యాకెట్టు చింతపండుతోనే పచ్చడి చేశాను. ఆరు రుచులూ చక్కగా కుదిరాయని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నాకు ఒకటి తక్కువైంది.