తలెత్తిన మబ్బు

ఇటికల బట్టీ ఆవరణలో మా అక్కని అందరూ మబ్బులక్క అంటారు. నోరు కరుకు. అయినా ఆమె "కప్పండి" అంటే ఎవరూ మారుమాట్లాడరు. పచ్చి ఇటికల మీద వాన పడితే పదిహేను రోజుల కష్టం మళ్లీ బురదే.

మబ్బుని చూసి వానని పసిగట్టే విద్య నేర్పింది బావ. బట్టీకి నిప్పు వేసే పని ఆయనది. పెళ్లయిన కొత్తలో బట్టీ పైన వణుకుతున్న గాలిని చూపించి చెప్పాడట: "వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన ఒత్తిడి తక్కువ కదా, ఉబ్బుతుంది. ఉబ్బడానికి తన వేడినే ఖర్చుపెట్టుకుని చల్లబడుతుంది. ఒక ఎత్తుకి చేరాక అందులో ఉన్న ఆవిరి సన్నటి నీటిబొట్లవుతుంది. అదే మబ్బు."

"కొత్త పెళ్లానికి చెప్పే సరసమేనా ఇది?" అని నేను ఏడిపించేదాన్ని. అక్క మాత్రం శ్రద్ధగా వింది. మబ్బుల అడుగులన్నీ ఒకే ఎత్తులో చదునుగా ఎందుకుంటాయో ఆమెకి అలా తెలిసింది. అడుగుని వదిలేసి తలని చూడటం తనే నేర్చుకుంది. తల పైపైకి పెరుగుతుంటే వానే.

ఏళ్లతరబడి మింగిన పొగ బావ ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆఖరి రోజు మధ్యాహ్నం, ఆవరణ పక్క గదిలో పడుకుని, "మీ అక్కని పిలువమ్మా" అన్నాడు. పరుగెత్తాను.

అక్క ఆకాశంకేసి చూస్తోంది. "ఆ తల చూడవే. గంటలో కురుస్తుంది. కప్పించి వస్తాను."

"మొగుడికంటే ఇటికలు ఎక్కువా నీకు?"

"ఐదు కుటుంబాల కష్టమే అది" అంటూ టార్పాలిన్ లాగింది.

ఆమె వచ్చేసరికి బావ పోయాడు. మబ్బు కురవనే లేదు. పైన పొడిగాలి తగిలి దాని తల కరిగిపోయింది.

అక్క ఏడవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజులు ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు, బావ ఆఖరి మాటని కూడా కడుపులోనే దాచుకున్నాను. పాపం నాదే.

ఒకరోజు టార్పాలిన్ మడతపెడుతూ తనే అంది. "పిలిస్తే రాలేదని నా మీద కోపంతోనే పోయుంటాడే."

ఇక ఆపుకోలేకపోయాను. "లేదక్కా. నేను తిరిగి వెళ్లేసరికి కిటికీలోంచి ఆ మబ్బునే చూస్తున్నాడు. 'తలెత్తింది, కురిసేస్తుంది. మీ అక్కని ఇప్పుడే రావద్దను, ముందు ఇటికలు కప్పించమను' అన్నాడు."

అక్క చేతులు ఆగిపోయాయి. "ఆయన కూడా కురుస్తుందనే అనుకున్నాడా?"

"అనుకున్నాడు."

మబ్బులక్క ఆ మడత మీదే కూలబడి, అప్పుడు ఏడ్చింది.