అలక జంఖానా

మా ఆయన మునిచంద్రకు మదనపల్లెలో కంప్యూటర్ సెంటర్ ఉంది. ఒకరు చెప్పింది వినడం మాత్రం ఆయన జాతకంలోనే లేదు.

తొంభై ఐదులో పుంగనూరు గోవిందస్వామి టెంట్ హౌస్‌కు ఆయనే ప్రోగ్రాం రాశాడు. ఏ పెళ్ళికి ఎన్ని కుర్చీలు, ఎన్ని గిన్నెలు పంపాలో అదే చెప్పేది. పదేళ్ళకు అది ముసలిదైపోయింది. దాని లోగుట్టు తెలిసింది ఆయనొక్కడికే, ఆయనకూ సగం గుర్తులేదు. కొత్తది రాయక తప్పలేదు.

"ఒక్క పెండ్లి సెడినా మల్లా పలకా బలపానికే పోతానప్పా," అన్నాడు గోవిందస్వామి. ఆ బేరం పోతే మా సెంటర్‌కు తాళమే.

ముందు పని తెలుసుకో, పనివాళ్ళు దేన్ని ఏ పేరుతో పిలుస్తారో ప్రోగ్రాంలోనూ అదే పేరు పెట్టు అని బెంగళూరులో ఎవరో చెప్పారట. ఇంట్లో నా మాట చెవిన పెట్టని మనిషి, నెలంతా టెంట్ హౌస్‌లో కూర్చుని గిన్నెలు తోమేవాళ్ళ కబుర్లు కూడా విన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పాత ప్రోగ్రాంకు ఒక తిక్క ఉండేది. ప్రతి పెళ్ళికీ అడిగినదానికంటే నేల మీద పరిచే జంఖానా ఒకటి ఎక్కువ పంపించేది. ఎందుకని అడిగితే గోవిందస్వామి, "నాకేం తెలుసప్పా. కంప్యూటర్ ఎయ్యమంటాండాది, మేం ఏస్తాండాం," అన్నాడు. పేరూ లేదు, కారణమూ లేదు. తను రాసిందే అయినా చెత్త అని పీకేశాడు మా ఆయన.

కొత్త ప్రోగ్రాంతో తొలి పెళ్ళి పుంగనూరులోనే. మేమూ వెళ్ళాం. టిఫిన్‌కు ముందుగా పిలవలేదని పెళ్ళికూతురి మేనమామ మునస్వామి అలిగాడు. విడిగా కూర్చోవడానికి చోటు దొరక్క టెంట్ హౌస్ లారీ ఎక్కి కూర్చున్నాడు. ఆ లారీ కుప్పం పెళ్ళికి షామియానా తీసుకుపోవాలి. కదిలితే ఇక్కడ పెళ్ళికూతురిని పీటల మీదికి తెచ్చే మేనమామ ఉండడు, కదలకపోతే అక్కడ పందిరి ఉండదు. మా ఆయన ఎంత బతిమాలినా మునస్వామి దిగలేదు. గోవిందస్వామి మా వైపు చూసిన చూపుకు నాకు భయమేసింది.

ఇంతలో గోవిందస్వామి భార్య సుభద్రమ్మ వచ్చి, మేళగాళ్ళను లేపి, వాళ్ళ కింది జంఖానా లాగి పందిరి పక్కన పరిచింది. మునస్వామి దర్జాగా దిగొచ్చి దాని మీద కూర్చున్నాడు. లారీ కుప్పం దారి పట్టింది. ఒకరు కాఫీ తెచ్చారు, బావ, అంటే పెళ్ళికూతురి తండ్రి, వచ్చి గడ్డం పట్టుకున్నాడు. ముహూర్తానికి మునస్వామి లేచి వచ్చాడు.

"అలిగినోళ్ళకు దగ్గర్లోనే కూసోనీకి సోటుండాల గదప్పా. దూరం పోతే మల్లా ఎట్లొస్తారు? అది అలక జంఖానా. అప్పట్లో నేనే సెప్పి కంప్యూటర్లో ఏపిస్తి," అంది సుభద్రమ్మ.

నెలంతా ఊరినడిగిన మా ఆయన ఆమెను అడగలేదు.

మర్నాడే దాన్ని పేరుతో సహా ప్రోగ్రాంలోకి ఎక్కించాడు. గోవిందస్వామి మళ్ళీ పలకా బలపం మాట ఎత్తలేదు. "మా కాడ అలిగేటోళ్ళు ఎవురూ లేరప్పా," అని పెళ్ళివాళ్ళంతా అంటారు. జంఖానా మాత్రం వెళ్తూనే ఉంటుంది.

నేనూ ఒకటి కొని మిద్దె మీద పరిచాను. ఆయన అలిగితే అక్కడికి పోతాడు, కాసేపటికి నేను కాఫీ పట్టుకుపోతాను. నేను అలిగి పైకి పోతే మాత్రం, ఎప్పుడు చూసినా అది ఖాళీగా ఉండదు.