తలకిందులుగా గీసిన ముఖం

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎమ్మిగనూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ని. ఫలానా గదిలో దయ్యం ఉందని పిల్లలు వణికితే, ఆ గదిలోనే కూర్చోబెట్టి భాగహారాలు చేయించేవాణ్ని. ఇది చదివి "రిటైరయ్యాక సారుకు బుర్ర చెడింది" అని నా పాత విద్యార్థులు నవ్వుకుంటే నవ్వుకోనీ. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మమని ఎవరినీ బతిమాలను.

ముందు మా నాయన సంగతి చెప్పాలి. మాది నందవరం దగ్గర ఒక పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. నేను ఉయ్యాల్లో ఉండగా ఒక కరువు ఏడు ఆయన సుగ్గికి పోయాడు. పంటలు ఎండినప్పుడు గుంటూరు దిక్కు గుంపులుగా కూలికి వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటాం. ఆయనతో పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. ఆయన రాలేదు. మిరప కల్లం దగ్గర చూశామని ఒకరన్నారు, రైలెక్కాడని ఇంకొకరన్నారు. అంతకుమించి ఏమీ తెలియలేదు. ఫొటో ఒక్కటైనా లేదు. ఆ రోజుల్లో కూలివాడికి ఫొటో ఎవడు తీస్తాడు?

అమ్మ బొట్టు తీయలేదు. ఇన్నేళ్లయింది, లేడనుకుని కర్మ చేసేయమని బంధువులు పోరుతూనే ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన పోయి ఉంటే తను బొట్టు పెట్టుకుని తిరగడం పాపం, బతికి ఉంటే తుడుచుకోవడం అంతకన్నా పాపం. ఆ రెంటి మధ్యనే ఆమె బతుకంతా గడిచింది. "ఉండాడో లేడో తెలిస్తే సాలప్పా, నా దోవన నేను పోతాను" అనేది.

నేను రిటైరైన ఏడాదే ఆమెకు గుండె జబ్బు బయటపడింది. పెద్దల అమావాస్యకు ఇంకా చాలా నెలలుంది. ఆ రోజు మా ఇళ్లలో పోయినవాళ్ల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ వడ్డిస్తాం. ఈసారి నాయనకూ పెట్టేద్దాం, ఇక తేల్చేద్దాం అని నేను గట్టిగానే అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరికి పెడతావు? ఆయప్ప మొగము నీకు తెల్సునా?"

ఆ మాట నన్ను వదల్లేదు. పటం లేకపోతే గీస్తాను, ఆమె చెబుతుంటే గీస్తాను, ముఖం కళ్ల ముందుంటే ఆమే ఒప్పుకుంటుంది అనుకున్నాను. చిక్కేమిటంటే బోర్డు మీద సున్నాలు, త్రిభుజాలు తప్ప నేను జన్మలో ఏమీ గీయలేదు. సున్నాకు రెండు చెవులు పెడితే మీ నాయన అవుతాడా అని మా ఆవిడ ఎగతాళి చేసింది.

ఆదోనిలో ఒక డ్రాయింగ్ మాస్టరు ఆదివారాలు తన మేడ మీద పెన్సిల్ బొమ్మలు నేర్పుతాడని విని చేరాను. పొద్దున్నే బస్సెక్కి పోయేవాణ్ని. మొదట కోడిగుడ్డు గీయించాడు. వెలుగు ఎక్కడ పడుతోంది, నీడ ఎక్కడ మొదలవుతోంది చూడమన్నాడు. నా గుడ్డు వంకాయలా వచ్చేది. తర్వాత చెంబు, ఆ తర్వాత ముక్కు. ముక్కుకు అంచు గీత ఉండదట, అంతా నీడేనట! అరవై ఏళ్లు ముక్కులు చూస్తూ బతికి ఆ సంగతి అప్పుడు తెలుసుకున్నాను. నేను సుద్దముక్క పట్టినట్టు పెన్సిల్ నొక్కి పడుతుంటే, నా కొడుకు వయసున్న ఆ మాస్టరు నెమ్మది సార్, నెమ్మది అని మందలించేవాడు.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చునేవాణ్ని. ఆమె చెప్పే గుర్తులేమిటి? నలుపు, కోల మొగం, సూటి ముక్కు. మా జిల్లాలో సగం మంది అట్లాగే ఉంటారు. గీసి చూపిస్తే ఒకసారి పోలీసోడి మాదిరి ఉన్నాడనేది, ఒకసారి మా మేనమామ అనేది. ఆఖరికి విసుగొచ్చి, ఆ కండ్లు నీకు రావులేప్పా అనేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఒక ఆదివారం మాస్టరు కొత్త పని పెట్టాడు. ముఖాన్ని నిలువుగా చూసి గీస్తే, ఎదురుగా ఉన్నది కాక మన మనసులో ఉన్న కన్నూ ముక్కూ గీసేస్తామట. అందుకని ఫొటోను తలకిందులుగా పెట్టి, అది ముఖమన్న సంగతే మరిచిపోయి, గీతలూ నీడలూ ఎట్లా ఉంటే అట్లా దించమన్నాడు. అయిపోయేదాకా కాగితం తిప్పొద్దన్నాడు. నా పర్సులో పింఛను కాగితాల కోసం తీయించిన నా ఫొటో ఉంది. దాన్నే తలకిందులుగా అట్టకు క్లిప్పు పెట్టుకున్నాను.

ఇట్లాంటి కథల్లో ఈ చోట చల్లగాలి వీస్తుంది, కుక్క ఏడుస్తుంది. నాకు అవేవీ లేవు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ, పక్కన పిల్లల గోల, పైగా ఆకలి. కుడి చెవి దగ్గర మాత్రం పెన్సిల్ జారి, చెవి తమ్మె కింద గీత రెండుగా చీలింది. రబ్బరుతో తుడిచాను. కాగితం అప్పటికే గాడి పడింది, నీడ వేస్తే నలుపు మళ్లీ అందులోనే కూర్చుంది. పోనీలే అని వదిలేశాను.

తిప్పి చూస్తే అది నేను కాదు.

ఒక ముసలాయన. నాకు తలనిండా జుట్టుంది, ఆయన నుదురు నడినెత్తి దాకా పోయింది. బుగ్గలు పీక్కుపోయాయి. పళ్లు లేనివాళ్ల మాదిరి పెదవులు లోపలికి పోయాయి. నేర్చుకునేవాడి తప్పులనుకుందామంటే, బొమ్మలో తప్పు కనపడదే! అంతకుముందు ఒక్క కన్ను కూడా సరిగ్గా రాని చేతికి రెండు కళ్లూ ఎదుటి మనిషివి ఉన్నట్టు వచ్చాయి. మాస్టరు వచ్చి ఈ పెద్దాయన ఎవరు సార్, ఫొటో ఏదీ అని అడిగాడు. నా ఫొటో చూపించాను. హాస్యమాడుతున్నాననుకున్నాడు. చెవి ఒక్కటి చెడింది గానీ మిగతాది తనకు కూడా ఇట్లా కుదరదన్నాడు.

దాన్ని అమ్మకు చూపించాలని నేను అనుకోలేదు. ఈరోజు ఏం వెలగబెట్టారో చూద్దామని మా ఆవిడే సంచిలోంచి తీసి, నవ్వుతూ అమ్మ మంచం మీద పెట్టింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. మా పల్లెల్లో పాతకాలపు ఆడవాళ్లు మొగుడు ఎదురొస్తే అట్లా కప్పుకుంటారు. అమ్మ అట్లా చేయడం నేను పుట్టి ఎరగను.

"ముసలోడైపోయినాడు కదప్పా" అంది.

నాకు కోపం వచ్చింది. అది నా ఫొటోనే, చేతకాక అట్లా వచ్చింది, కొడుక్కి తండ్రి పోలిక ఉండదా అని వాదించాను. నాది పూర్తిగా అమ్మ పోలికని ఊరంతా అంటారు, అది నాకూ తెలుసు. ఆమె నా వాదన పట్టించుకోలేదు.

"బతికే ఉండాడు. సచ్చినోడు ముసలోడెట్లయితాడు?"

ఎన్ని లెక్కలు చెప్పినవాణ్ని! ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ బొమ్మను తీసి సంచిలో పెట్టాను.

ఊరుకోబుద్ధి కాక, దేవనకొండలో ఉన్న మా మేనత్త దగ్గరికి పోయాను. ఆమె మా నాయనకు సొంత చెల్లెలు. ఏమీ చెప్పకుండా నా బొమ్మలన్నీ కలిపి చేతికిచ్చాను. గుడ్లు, చెంబులు, ముక్కులు చూసి నవ్వుతూ పక్కన పెట్టింది. ఈ కాగితం రాగానే ఆగిపోయింది. ఆమె వేలు నేరుగా ఆ చెడిన చెవి మీదికి పోయింది. చిన్నప్పుడు ఆటలో మా నాయన చెవిపోగు పట్టి ఆమె లాగితే తమ్మె తెగిందట. ఇంట్లో కొడతారని, దూడ తాడు తగిలిందని ఇద్దరూ అబద్ధం చెప్పారట. "ఇది నేను తెంపిందే రా" అని ఏడ్చింది.

అమ్మను అడిగితే, ఔను, దూడ తాడు తగిలి తెగిందంట అంది. నాకెందుకు చెప్పలేదంటే, ఆ సంగతి తనకే మరుపొచ్చిందంది. చిన్నప్పుడెప్పుడో చెబితే నా మనసులో దాగి, ఆరోజు చేతిలోకి వచ్చిందేమో. అదీ ఆలోచించాను. చెవి అట్లా వచ్చిందే అనుకుందాం. మరి ఆ ముసలితనం? దాన్ని అమ్మా చూడలేదు, అత్తా చూడలేదు.

అదే ఫొటో, అదే కిటికీ, అదే మాస్టరు. తలకిందులుగా ఎన్నోసార్లు మళ్లీ గీశాను. ప్రతిసారీ నేనే వచ్చాను, ఒక కన్ను పైకీ ఒకటి కిందికీ.

ఆ అమావాస్యకు నాయనకు బట్టలు పెట్టలేదు. నేను ఆ మాటే ఎత్తలేదు. అమ్మ మాత్రం ఎన్నడూ లేనంత నిమ్మళంగా ఉంది, అన్నం కూడా ఇష్టంగా తినేది. ఎండాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. మేనత్త వచ్చి తన చేత్తో పసుపు రాసి, బొట్టు పెట్టి, తల్లో పూలు పెట్టి, ముత్తైదువగానే సాగనంపింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

కర్మ రోజు అయ్యవారు నన్ను పీట మీద కూర్చోబెట్టి, పేర్లు, గోత్రం అడిగారు. తర్వాత, అందరినీ అడిగినట్టే, మామూలుగా అడిగారు.

"మీ నాయనగారు ఉన్నారా, లేరా?"

బడిలో చేరిన నాటి నుంచీ ఎవరడిగినా లేరనే చెప్పాను. ఎప్పుడూ తడుముకోలేదు. ఆరోజు మేనత్త వైపు తిరిగాను. వినపడలేదనుకుని అయ్యవారు మళ్లీ అడిగారు. మేనత్త నా వైపే చూస్తోంది.

"తెలీదు స్వామీ" అన్నాను.